కొత్తిమీరకున్న విలువ డ్రైవరుకు లేదా?

2025 మార్చి 8న ఒక సభలో నాకు శాలువా కప్పారు. "స్టీరింగ్ పట్టిన నారీశక్తి" అని మైకులో పరిచయం చేశారు. మెమెంటో చేతిలో పెట్టి ఫోటోలు తీశారు. రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. "అందరికీ నమస్కారం, చాలా సంతోషం" అని చెప్పి దిగివచ్చాను. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి నేను బండి తీయాలి. ఆ హాల్లో మరుగుదొడ్డి శుభ్రంగా ఉందని చూసి, బయలుదేరే ముందు వెళ్ళి వచ్చాను. నిజం చెప్పాలంటే ఆ సభ వల్ల నాకు కలిగిన లాభం అదొక్కటే. మళ్ళీ అలాంటి చోటు దొరికింది మరునాడు పొద్దున ఏడున్నరకు, రామకృష్ణాపూర్‌లో మా ఇంట్లోనే.

ఆ రెండు నిమిషాల్లో చెప్పలేనిది ఈ పత్రికలో రాయమని అక్కలు అడిగారు. చదివేవాళ్ళలో చాలామంది సంఘాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్ళే గనుక కొంచెం కటువుగానే రాస్తున్నాను. ఓనర్ల మీద, ప్రభుత్వం మీద నాకెంత కోపముందో మనవాళ్ళ మీద కూడా అంతే ఉంది. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

నేనెవరు, నా పనేమిటి

మా బాపు మందమర్రి ఏరియాలో కోల్ ఫిల్లరు. నేను పుట్టి పెరిగింది కంపెనీ క్వార్టర్‌లో. బాపు దిగిపోయే రోజు దగ్గరపడ్డప్పుడు ఆ ఉద్యోగం ఎవరికి అని ఇంట్లో నెలల తరబడి చర్చ జరిగింది. ఆ చర్చలో నా పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆడపిల్ల కూడా ఆ వరుసలో నిలబడొచ్చన్న ఆలోచనే అప్పట్లో మా వాడలో లేదు.

పెళ్ళయ్యాక మా ఆయన ట్రాలీ ఆటోలో మంచిర్యాల నుంచి కూరగాయలు తెచ్చి క్వార్టర్ల మధ్య తిరిగి అమ్మేవాడు. నేను వెనుక కూర్చుని తూకం వేసేదాన్ని. ఆయన నడుము దెబ్బతిని మంచం పట్టాక ఆటో నేనే తీశాను. మొదటి రోజు నవ్వినవాళ్ళే పదిహేను రోజులకు "వంకాయలున్నయా అక్కా" అని ఆపడం మొదలుపెట్టారు. నాలుగేళ్ళు అలా గడిచాయి. ఆ తర్వాత మంచిర్యాల దిక్కు ఒక ఓనరు తన చలువ బండి నడపమని అడిగాడు. నన్నే ఎందుకు అడిగాడో ఆయనే చెప్పాడు: "నువ్వు తాగవు, డీజిలు అమ్ముకోవు, చెప్పిన టైముకు వస్తవు." సమానత్వం మీద నమ్మకంతో ఆయన నన్ను పెట్టుకోలేదని మీరు గమనించాలి.

నాది పెద్ద లారీ కాదు, పికప్ బండి. వెనుక అట్టపెట్టెలాగా మూసి ఉండే చలువ డబ్బా. హైదరాబాద్ శివారులో ఒక గోదాము నుంచి కొత్తిమీర, పుదీనా, పాలకూర, క్యారెట్, బీన్స్, కాలీఫ్లవర్, పుట్టగొడుగులు తెచ్చి కరీంనగర్, పెద్దపల్లి, గోదావరిఖని, మంచిర్యాల సూపర్ మార్కెట్లలో దింపాలి. మధ్యాహ్నం మూడింటికి ఖాళీ బండితో బయలుదేరితే రాత్రి తొమ్మిదికి గోదాము చేరతాను. డబ్బాను ముందుగా చల్లబరచాలి. వేడి డబ్బాలో లోడు వేస్తే ఆకులు దారిలోనే చెమటపట్టి మురుగుతాయి. లోడయ్యేసరికి పన్నెండు. షామీర్‌పేట, ప్రజ్ఞాపూర్, సిద్దిపేట మీదుగా రాజీవ్ రహదారి పట్టుకుంటే కరీంనగర్ చేరేసరికి మూడున్నర, గోదావరిఖని ఐదు దాటుతుంది. గోదావరి బ్రిడ్జి ఎక్కేటప్పుడు తెల్లవారుతుంది. మంచిర్యాలలో చివరి క్రేటు దించి ఇల్లు చేరేసరికి ఏడున్నర. లెక్క వేసుకోండి: పదహారున్నర గంటలు, 500 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం, 1,200 రూపాయల కూలీ, 200 బత్తా. వారానికి నాలుగు ట్రిప్పులు.

ఈ పనిలో ఒక కిటుకు ఉంది, అది బయటివాళ్ళకు తెలియదు. మా బండి లాంటి వాటిలో చలువ యంత్రం ఇంజను బలంతోనే తిరుగుతుంది. ఇంజను ఆపితే చలువ ఆగుతుంది. కాబట్టి లోడున్నంత సేపు ఇంజను ఆపడానికి లేదు. బండిని నడుస్తుండగా వదిలి దూరంగా పోవడానికీ లేదు. డబ్బాలో ఉన్న మీటరు ఎప్పటికప్పుడు ఎన్ని డిగ్రీలుందో ఓనరు ఫోనుకు పంపుతుంది. బండి ఎక్కడుందో, ఎంతసేపు ఆగిందో కూడా పంపుతుంది. ఆకుకూరకు ఏమవుతోందో నిమిష నిమిషానికీ తెలుసుకునే ఏర్పాటు ఉంది. ఆ బండి నడిపే మనిషికి ఏమవుతోందో తెలుసుకునే ఏర్పాటు మాత్రం ఏదీ లేదు.

నలభై నిమిషాలు

2024 మే నెల మొదటి వారం. మా ప్రాంతంలో ఎండ 46 డిగ్రీలు దాటిన రోజులవి. రాత్రి రావాల్సిన ఇంకో బండి చెడిపోవడంతో ఆ లోడు పగలు తెమ్మన్నారు. పొద్దున పది తర్వాత గోదాము వదిలాను. డబ్బాలో 6 డిగ్రీలు. నా క్యాబిన్‌లో ఏసీ లేదు. కాళ్ళ దగ్గర ఇంజను వేడి, అద్దంలోంచి ఎండ. ఆ రోజు నేను బయట ఉన్నాను. తెల్లవారి నుంచి రెండు గుక్కల కంటే ఎక్కువ నీళ్ళు తాగలేదు.

ఎందుకు తాగలేదని అడుగుతారు. ఆడ డ్రైవర్లలో ఎవరినైనా అడగండి, ఇదే చెబుతారు. నీళ్ళు తాగితే ఎక్కడో ఒకచోట ఆపాలి. ధాబాల్లో మరుగుదొడ్డి ఉంటే దానికి తలుపుండదు, తలుపుంటే గొళ్ళెముండదు. మగవాళ్ళు తొట్టి దగ్గర స్నానాలు చేస్తుంటే వాళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్ళాలి. పెట్రోలు బంకులో మరుగుదొడ్డి ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధన. కానీ రాత్రి అడిగితే "తాళం లేదు" అంటారు, లేదా "స్టాఫ్‌ది అమ్మా" అంటారు. అందుకని మేం నీళ్ళు తాగడం మానేశాం. రెండేళ్ళలో నాకు మూడుసార్లు మూత్రంలో మంట, జ్వరం వచ్చాయి. మూడుసార్లూ డాక్టరు నీళ్ళు బాగా తాగమన్నాడు. ఆయన సలహాలో తప్పేమీ లేదు. దాన్ని పాటించే చోటే దారిలో లేదు.

ఆ మధ్యాహ్నం రెండు గంటలప్పుడు సిద్దిపేట దాటి చాలా దూరం వచ్చాక కళ్ళు తిరిగాయి. స్టీరింగ్ మీద చేతులు తిమ్మిరెక్కాయి. ఇంకో కిలోమీటరు పోతే ఎవరినో గుద్దుతానని తెలిసి, ఒక వేపచెట్టు కింద ఆపి, ఇంజను వేడి భరించలేక తాళం తిప్పేశాను. చెట్టు మొదట్లో పడుకున్నాను. నలభై నిమిషాలు. ఫోను మూడుసార్లు మోగింది. నాలుగోసారి ఎత్తితే ఓనరు అన్న మొదటి మాట: "ఏందమ్మా, బాక్సు పద్నాలుగు చూపెడ్తున్నది?"

నీకేమైంది అని ఆ మాటకు ముందు అడగలేదు, తర్వాతా అడగలేదు.

కరీంనగర్‌లో ఒక కొట్టువాళ్ళు, గోదావరిఖనిలో ఒక కొట్టువాళ్ళు కొత్తిమీర, పుదీనా, పుట్టగొడుగులు తిప్పి పంపారు. 6,400 రూపాయలు నష్టమని ఓనరు లెక్క కట్టి, రెండు నెలల కూలీలో కోసుకున్నాడు. సెలైను ఎక్కించుకున్న ఖర్చు నాది. "ఆడోళ్ళను పెట్టుకుంటే గిట్లనే అయితది" అని పక్క ఓనరు అన్నాడని తర్వాత తెలిసింది. ఆ ఎండలో మగ డ్రైవరు పడిపోలేదా? పడిపోయిన మగ డ్రైవరు గురించి "మగోళ్ళను పెట్టుకుంటే గిట్లనే" అని ఎవరైనా అన్నారా?

గనిలో అంకె ఉంది, క్యాబిన్‌లో లేదు

బొగ్గు బాయి బిడ్డను గనుక నాకొక విషయం తెలుసు. గని లోపల వేడికి చట్టం ఒక హద్దు పెట్టింది. తడి బల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదని, 30.5 దాటితే గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో ఆడాలని బొగ్గు గనుల రెగ్యులేషన్లు చెబుతాయి. ఆ అంకెలు ఎవరి దయవల్లా రాలేదు. గనుల్లో మనుషులు చచ్చారు, కార్మికులు కొట్లాడారు, తనిఖీ యంత్రాంగం ఏర్పడింది. అమలులో ఎన్ని లోపాలున్నా అడగడానికి ఒక అంకె అంటూ ఉంది.

కొత్తిమీరకూ ఒక అంకె ఉంది. గోదాములో బిల్లుతో పాటు రాసిస్తారు. దాటితే తిప్పి పంపుతారు, డబ్బు కోస్తారు. గనికి అంకె ఉంది, ఆకుకూరకు అంకె ఉంది, మధ్యలో కూర్చున్న డ్రైవరుకు లేదు.

"కొత్త లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు కదా" అని మీరనవచ్చు. నిజమే. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే సరుకు లారీలకు ఏసీ క్యాబిన్ ఉండాలని కేంద్రం నిబంధన తెచ్చింది. కానీ అది ఎన్2, ఎన్3 తరగతులకు, అంటే సరుకుతో కలిపి మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటే బండ్లకు. అంతకు తక్కువ ఉన్న పికప్‌లకు, చిన్న ట్రాలీలకు అది వర్తించదు. ఇప్పటికే రోడ్డు మీదున్న పాత బండ్లకూ వర్తించదు. ఆడవాళ్ళు నడిపే బండ్లు ఎక్కువగా ఏవి? చిన్నవీ పాతవే. వెనుక డబ్బాను చల్లగా ఉంచే యంత్రం ఉన్న బండిలోనే ముందు గదికి చలువ ఇవ్వడం కుదరని పనా? కుదరక కాదు, అడిగినవాళ్ళు లేక.

చట్టం పది నుంచి లెక్క మొదలుపెడుతుంది

ఇక పనిగంటలు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంది. దూర ప్రయాణాల్లో పెంచినా రోజుకు 10, వారానికి 54 దాటకూడదంది. ఆ చట్టం ఐదుగురు కార్మికులున్న సంస్థ నుంచి వర్తించేది. మా ఓనరుకు మూడు బండ్లు, ముగ్గురు డ్రైవర్లు. అంటే ఆ చట్టం మమ్మల్ని ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చి ఆ చట్టాన్ని వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిపేశారు. ఇప్పుడు లెక్క పదిమంది నుంచి మొదలవుతుంది. ఐదు పది అయింది. మా దూరం రెట్టింపయింది.

అదే కోడ్‌లో 43వ సెక్షన్ ఉంది. స్త్రీలు అన్ని సంస్థల్లో అన్ని రకాల పనులూ చేయవచ్చని, రాత్రి ఏడు తర్వాత, పొద్దున ఆరుకు ముందు కూడా వారి సమ్మతితో, భద్రతా ఏర్పాట్లతో పనిచేయవచ్చని అంటుంది. దీన్ని గొప్ప విజయంగా చెబుతున్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ పదిమంది లేని చోట ఆ భద్రతా ఏర్పాట్లు ఎవరు చేయాలి? నా సమ్మతిని ఎవరు అడిగారు? "రాత్రి ట్రిప్పు, వస్తవా, రావా" అన్నదే నా ఓనరు అడిగిన సమ్మతి. రాకపోతే పని లేదు.

అయినా చట్టంలో మనం పట్టుకోదగ్గ కొసలు కొన్ని ఉన్నాయి. కార్యకర్తలు ఇవి గుర్తుపెట్టుకోవాలి.

1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ రవాణా వాహనం నడిపే "ఏ వ్యక్తి" పనిగంటలైనా 1961 చట్టం చెప్పినట్టే ఉండాలంది. అక్కడ ఐదుగురు, పదిమంది అన్న మాట లేదు. ఈ "ఏ వ్యక్తి" అన్న మాటను పట్టుకుని రవాణా శాఖనూ కార్మిక శాఖనూ ఎవరైనా గట్టిగా నిలదీశారా?

నా కూలీలో కోసిన 6,400 సంగతి. నిర్లక్ష్యం రుజువు కాకుండా, కార్మికురాలి వాదన వినకుండా సరుకు నష్టం కింద కూలీ కోయకూడదని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టమే చెప్పింది. ఇప్పుడు వేతనాల కోడ్ కూడా అదే అంటోంది. ఎంత కోసినా వేతనంలో సగం దాటకూడదంటోంది. కళ్ళు తిరిగి బండి ఆపడం నిర్లక్ష్యమా? ఆపకుండా నడిపి ఉంటే అది నిర్లక్ష్యమయ్యేది. ఈ సంగతి నాకు కోత పడిన ఏడాది తర్వాత తెలిసింది. శాలువా కప్పినవాళ్ళలో ఒక వకీలు కూడా ఉంది. ఆమె నన్ను అడిగిన ప్రశ్న "రాత్రిపూట భయం వేయదా?" అని. "నీ కూలీ ఎంత, చేతికి ఎంత వస్తోంది?" అని అడిగి ఉంటే బాగుండేది.

లైసెన్సు విషయంలో కూడా ఆడవాళ్ళను దళారులు తిప్పుతారు. సరుకు బండికి వేరే లైసెన్సు కావాలని, ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ కావాలని చెప్పి డబ్బు గుంజుతారు. ఆ చదువు నిబంధనను 2019లోనే తీసేశారు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనానికి మామూలు ఎల్‌ఎమ్‌వీ లైసెన్సు చాలని సుప్రీంకోర్టు 2017లో చెప్పి, 2024 నవంబర్‌లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ద్వారా మళ్ళీ ఖాయం చేసింది. ఇది మన కుట్టు శిక్షణ కేంద్రాల గోడల మీద రాసి పెట్టాల్సిన మాట.

లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో చట్టం వచ్చింది. పని సందర్భంగా వెళ్ళే ప్రతి చోటూ పనిస్థలమేనని అది చెబుతుంది. పదిమంది లేని చోట పనిచేసేవాళ్ళు జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. మంచిదే. నేను ఒక్క రాత్రిలో మేడ్చల్, సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల, ఐదు జిల్లాలు దాటుతాను. లోడు దగ్గర చెయ్యి వేసినవాడిది ఒక జిల్లా, నా ఓనరుది ఇంకో జిల్లా. కమిటీ ఎక్కడ కూర్చుంటుందో, దాని ఫోను నంబరు ఏమిటో ఏ టోల్ గేటు దగ్గరా, ఏ మార్కెట్ యార్డులోనూ రాసి ఉండగా నేను చూడలేదు.

"ఆడవాళ్ళకు రాత్రి పని వద్దు" అనేవాళ్ళకు

ఇప్పుడు మనవాళ్ళ సంగతి. ఒక సమావేశంలో నా నలభై నిమిషాల కథ విన్న ఒక సీనియర్ కార్యకర్త, నా మీద ప్రేమతోనే, "ఇలాంటి పనుల్లోకి ఆడవాళ్ళను దింపవద్దని మనమే డిమాండ్ చేయాలమ్మా" అంది. చాలామంది తల ఊపారు. ఆమె అనుభవం మీద నాకు గౌరవముంది. కానీ ఈ మాటతో నేను పూర్తిగా విభేదిస్తున్నాను.

రక్షణ పేరుతో స్త్రీలను పనిలోంచి తీసేయడం ఎలా జరుగుతుందో బొగ్గు గనుల చరిత్ర చెబుతుంది. బ్రిటిష్ ఇండియాలో వేలాది స్త్రీలు భూగర్భ గనుల్లో బొగ్గు మోసేవారు. 1929లో నియమాలు చేసి వాళ్ళను క్రమంగా తగ్గిస్తూ వచ్చి, 1937లో పూర్తిగా బయటికి పంపారు. వాళ్ళ ఆరోగ్యం కోసమన్నారు. యుద్ధానికి బొగ్గు కావాల్సి వచ్చేసరికి 1943లో ఆ నిషేధం ఎత్తేశారు. యుద్ధం అయిపోగానే 1946లో మళ్ళీ పెట్టారు. ఆ మూడేళ్ళలో ఆడవాళ్ళ ఆరోగ్యం ఏమైంది? గని బాగుపడిందా? అవసరమైనప్పుడు లోపలికి, అవసరం తీరాక బయటికి, రెండుసార్లూ నిర్ణయం వాళ్ళది కాదు. బయటికి వచ్చిన స్త్రీకి బదులు పని ఎవరూ చూపలేదు.

స్వతంత్రం వచ్చాక 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆ గోడనే కొనసాగించింది. భూగర్భంలోకి వద్దంది, పైన కూడా రాత్రి వద్దంది. 2019లో గానీ కేంద్రం మినహాయింపు ఇవ్వలేదు. అది కూడా రాతపూర్వక సమ్మతి ఉండాలని, షిఫ్టులో కనీసం ముగ్గురు స్త్రీలు ఒక బృందంగా ఉండాలని షరతులు పెట్టింది. 2025లో సింగరేణి తన మహిళా ఉద్యోగుల నుంచి ఓపెన్‌కాస్ట్ భారీ యంత్రాల ఆపరేటర్ల పనికి దరఖాస్తులు పిలిచింది. మా పక్కింటి అమ్మాయిలు దాని గురించి మాట్లాడుకుంటుంటే విని నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. వాళ్ళకు షిఫ్టుంది, ముగ్గురు తోడుంటారు, ఆసుపత్రి ఉంది, అడగడానికి యూనియన్లున్నాయి. నేను కోరేది వాళ్ళకున్నది తీసేయమని కాదు, అది గేటు దగ్గర ఆగిపోకూడదని. అదే బొగ్గు బెల్టులో, అదే వాడలో, గేటు బయట రాత్రి ఒంటరిగా బండి నడిపే దానికి ఆ ముగ్గురి షరతు ఎందుకు లేదు?

ఇంకో సంగతి. యాదాద్రి జిల్లా బిడ్డ సరిత 2015లో ఢిల్లీ ఆర్టీసీలో తొలి మహిళా డ్రైవరైంది. సొంత రాష్ట్రంలో ఆర్టీసీ స్టీరింగ్ పట్టడానికి ఆమెకు 2025 దాకా ఆగాల్సి వచ్చింది. భోపాల్‌కు చెందిన యోగితా రఘువంశీ లా చదివి, భర్త చనిపోయాక లారీ నడిపి పిల్లల్ని పెంచింది. వీళ్ళ గురించి పత్రికలు ఏళ్ళ తరబడి రాస్తూనే ఉన్నాయి. ప్రతిసారీ "తొలి", "ఏకైక", "సాహసి" అనే రాస్తాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా మేం వింతగానే ఎందుకు ఉన్నాం? దారి మారలేదు గనుక. ఒక్కరిద్దరు మాత్రమే తట్టుకోగల దారిలో ఒక్కరిద్దరే ఉంటారు. వాళ్ళను పొగిడితే దారి బాగుపడదు.

"వద్దు" అని ఇంట్లో కూర్చోబెట్టే జాలి ఒక పక్క, "శభాష్" అని రోడ్డు మీద వదిలేసే పొగడ్త ఇంకో పక్క. మొదటిది నా కూలీ తీసేస్తుంది. రెండోది నా కూలీ గురించి అడగదు. ఈ రెండింటికీ ఓనరు నుంచి ఒక్క రూపాయి ఖర్చు కాదు. అందుకే రెండూ అంత సులభంగా దొరుకుతాయి.

మగ డ్రైవర్ల మాటేమిటి?

"ఈ కష్టాలు మగ డ్రైవర్లకూ ఉన్నాయి కదా" అని యూనియన్ అన్నలు అంటారు. ఉన్నాయి. నా పక్క బండి నడిపే పిల్లవాడికి ఇరవై నాలుగేళ్ళు. నిద్ర ఆగడానికి గుట్కా నములుతాడు. వాడి కిడ్నీలో రాయి పడింది. వాడు కూడా నీళ్ళు తక్కువే తాగుతాడు, ఇంజను ఆపకూడదు గనుక. వాడు రోడ్డు పక్కన నిలబడగలడు, నేను నిలబడలేను. తేడా అంతే. అన్నేళ్ళుగా మగవాళ్ళు నోరు మూసుకుని భరించినదాన్నే మేం వచ్చి నోరు తెరిచి చెబుతున్నాం.

2024 జనవరిలో ఏం జరిగిందో గుర్తుందా? గుద్ది పారిపోతే పదేళ్ళ దాకా జైలన్న కొత్త సెక్షన్ మీద డ్రైవర్లు బండ్లు ఆపారు. రెండు రోజుల్లో హైదరాబాద్ బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు. ఆ సెక్షన్‌ను ప్రభుత్వం పక్కన పెట్టక తప్పలేదు. 2024 జూలై 1న మిగతా చట్టం అమల్లోకి వచ్చినా అది రాలేదు. అంత బలమున్న డ్రైవర్లు పనిగంటల కోసం, మరుగుదొడ్ల కోసం ఒక్క పూట బండ్లు ఆపారా? ఆపలేదు. అవి "ఆడవాళ్ళ సమస్యలు" అనుకుంటున్నారు. పదహారు గంటలు నడిపినవాడు నిద్రలో గుద్దితే అది పనిగంటల సమస్య కాదా? మహిళా సంఘాలు డ్రైవర్ల యూనియన్ల గడప తొక్కి ఈ మాట అడగాలి. మేం ఒంటరిగా అడిగితే నవ్వుతారు.

ఏం చేయాలి

నేను అడిగేవి పెద్దవి కావు. సంఘాలు పట్టించుకుంటే ఏడాదిలో చేయగలిగినవే.

ఒకటి, రాజీవ్ రహదారి మీద, మంచిర్యాల నుంచి మందమర్రి, బెల్లంపల్లి మీదుగా పోయే జాతీయ రహదారి మీద ప్రతి బంకు, ధాబా, టోల్ గేటు దగ్గర రాత్రిపూట ఆడవాళ్ళు వాడుకోగల మరుగుదొడ్డి ఉందా లేదా అని సర్వే చేయాలి. పగలు కారులో వెళ్ళి చేసే సర్వే పనికిరాదు, రాత్రి రెండింటికి చేయాలి.

రెండు, గోదాములు, సూపర్ మార్కెట్లు సరుకుకు అంకె రాసిచ్చే బిల్లు మీదే డ్రైవరు ఎన్ని గంటలకు బండి ఎక్కింది, ఎంత విశ్రాంతి తీసుకుంది రాయాలి. సరుకు ఎవరిదో వాళ్ళకూ డ్రైవరు పట్ల బాధ్యత ఉండాలి. అంతా ఒక్క బండి ఓనరు మీద నెట్టి పెద్దవాళ్ళు తప్పించుకోవడం కుదరకూడదు.

మూడు, పదిమంది లెక్క పోవాలి. రాష్ట్ర నిబంధనల్లోనైనా ఒక్క డ్రైవరున్న బండికి కూడా పనిగంటలు, విశ్రాంతి వర్తింపజేయాలి.

నాలుగు, ఏసీ క్యాబిన్ నిబంధన మూడున్నర టన్నుల లోపు సరుకు బండ్లకూ రావాలి. చలువ డబ్బా ఉన్న ప్రతి బండికీ ముందుగా రావాలి.

ఐదు, సరుకు చెడితే కూలీ కోసే పద్ధతి మీద కేసులు వేయాలి. మొదటి కేసు నాదే వేయండి. కోసిన లెక్క రాసిన కాగితం నా దగ్గరుంది. ఓనరు చేత్తో రాసి, నా సంతకం పెట్టించుకుని, ఒక నకలు ఇచ్చాడు. "40 నిమిషాలు బండి ఆపినందుకు" అని అందులో స్పష్టంగా ఉంది.

కేసు వేస్తే నా పని పోవచ్చు. ఆ సంగతి తెలిసే రాస్తున్నాను. ఇంట్లో మాట్లాడుకున్నాం. ట్రాలీ ఆటో ఇంకా మా వాకిట్లోనే ఉంది, బ్యాటరీ మార్చితే నడుస్తుంది.

మీ సంస్థ వచ్చే ఏడాది క్యాలెండరు మీద నా ఫోటో వేస్తామని అడిగింది. బండి ముందు నవ్వుతూ నిలబడమన్నారు. ఫోటో వద్దు. ఆ కాగితం ముద్రించండి. కార్యకర్తలు ఇద్దరు ఒక రాత్రి నాతో బండెక్కండి. క్యాబిన్‌లో ఇంకో ఇద్దరికి ఇరుకుగా చోటుంటుంది. ఒక నోటుబుక్కు తెచ్చుకుని ఎక్కడ దిగగలిగామో, ఎక్కడ దిగలేకపోయామో రాసుకోండి. గోదావరి బ్రిడ్జి మీద తెల్లవారేసరికి ఆ నోటుబుక్కులో ఏముంటుందో దాన్నే కలెక్టరు టేబుల్ మీద పెడదాం.